బాగున్నామని రాసుకున్నారు

మంగళవారం మధ్యాహ్నం,
షాపులోంచి

అమ్మకి,

పెద్దకూతురు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ మీ అల్లుడు క్షేమం. పిల్లి క్షేమం. కుట్టుమిషను క్షేమం, పోయినవారమే నూనె వేశాను. అక్కడ నువ్వూ పిన్నీ క్షేమంగా ఉన్నారనీ, ఇద్దరు రిటైరైన సిస్టర్లు ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి బీపీ ఒకరు చూసి పోట్లాడుకోవడం రోజుకి రెండుసార్లు దాటలేదనీ తలుస్తాను. ఈ లెక్కలో నేను లేనని నీకు ఈపాటికి తెలిసిపోయుంటుంది. ముప్ఫై రెండేళ్ళు వార్డులో మంచాలు లెక్కపెట్టినదానివి, ఒకటి తగ్గితే ఊరుకోవు. నా సంగతి కిందెక్కడో వస్తుంది. ముందే అక్కడికి దూకకుండా వరసగా చదువు.

ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నేను ఒక మాట అంటే నువ్వు మూడు సలహాలిస్తావు, నాలుగోది ఇచ్చేలోపు పిన్ని ఫోను లాక్కుని ఐదోది ఇస్తుంది. ఉత్తరమైతే నేను చెప్పేది అయ్యేదాకా మీరిద్దరూ నోరు మూసుకోక తప్పదు. అక్షరాలు ఇంత పెద్దగా రాసిందేమిటని అనుకుంటావేమో. దానికో కారణం ఉంది, అదీ చివర్లో చెప్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ అల్లుడు సరిగ్గా తింటున్నారా అని అడిగావు. తింటున్నారు. లిఫ్టులు బాగుచేసేవాళ్ళకి ఒక సుఖముంది, రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నప్పుడు చేతిలో టిఫిన్ డబ్బా ఉంటే ఎవరూ తొందరపెట్టలేరు. పోయిన బుధవారం అలాగే ఇరుక్కుని, తీరిగ్గా తినేసి, ఓ కునుకు తీసి, ఆ తర్వాత లిఫ్టు బాగుచేసుకుని బయటికొచ్చారట. కింద నిలబడ్డవాళ్ళు పాపం ప్రాణాలకి తెగించి పనిచేశాడని చప్పట్లు కొట్టారట. ఈయన 'ఆఁ' అని వచ్చేశారు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, ఏ ప్రశ్నకైనా అదే జవాబు.

నేను పంపిన నల్లశాలువా చాలా బాగుందని రాశావు. అమ్మా, నేను పంపింది మెరూన్ శాలువా. సరేలే, బాగుందన్నావు, నాకంతే చాలు.

మూడోది అసలు ప్రశ్న. పిన్ని మేనకోడలు పేపర్లో నా ఫొటో చూసి మీకు చెప్పిందనీ, ఆసుపత్రి గేటు ముందు బోర్డు పట్టుకుని నిలబడ్డానట నిజమేనా అనీ అడిగావు. 'ముప్ఫై రెండేళ్ళు నేను ఆసుపత్రి అన్నం తిని నిన్ను పెంచితే, నువ్వు వీధిలో నిలబడి ఆసుపత్రుల పరువు తీస్తున్నావా' అన్నావు. నిజమే, నిలబడ్డాను. బోర్డు మీద 'మా నొప్పి స్కానులో పడదు, మేమే పడుతున్నాం' అని ఉంటుంది. రాసింది నేను కాదు, మా సంఘంలో ఉన్న లెక్కల మాస్టారు. నేను చేసిందల్లా అట్టకి గుడ్డ తొడిగి అంచు కుట్టడం. ఫొటోలో అంచు పడలేదు, అది నాకు కాస్త బాధగానే ఉంది.

నాలుగోదాన్ని నువ్వు ప్రశ్నలా రాయలేదు. 'నా కంటి ఆపరేషనప్పుడు రావడానికి తీరిక లేదు గానీ సంఘాలకి మాత్రం దొరికినట్టుంది' అని రాసి చుక్క పెట్టేశావు. ఆ చుక్క కాగితం అవతలివైపుకి దిగింది. దాని జవాబు కూడా చివరికే.

ఇక సంఘం సంగతి. ఆరేళ్ళ కిందట నాకు అపెండిక్సు పగిలి ఆపరేషన్ అయినప్పుడు నువ్వొచ్చి పదిరోజులున్నావు, గుర్తుందా. అక్కడి సిస్టర్లు నిన్ను చూసి దుప్పట్లు రోజుకి రెండుసార్లు మార్చారు. నా కుట్లు చూసి 'చక్కగా కుట్టారే' అని మెచ్చుకున్నావు. నేనూ కుట్టుపనిదాన్నే కనక ఒప్పుకుంటాను, పైకుట్టు నిజంగానే చక్కగా ఉంది. గొడవంతా లోపలి లైనింగులో వచ్చింది. మా షాపుకి కొన్ని కోట్లు వస్తాయి, బయటినుంచి చూస్తే ఏ లోపమూ ఉండదు. లోపలి లైనింగు మాత్రం అక్కడక్కడ పైబట్టకి అతుక్కుపోయి ఉంటుంది. అది వేసుకుని చెయ్యెత్తినవాడికే తెలుస్తుంది ఎక్కడ పట్టేస్తోందో. కడుపు కోసి కుట్టాక కొంతమందికి లోపల పేగులూ పొరలూ అలాగే ఒకదానికొకటి అతుక్కుంటాయి. చాలామందికి ఏమీ తెలియదట. కొందరికి మాత్రం వంగితే లాగుతుంది, లేస్తే లాగుతుంది, తింటే ఇంకా లాగుతుంది. స్కానులో కనపడదు. రిపోర్టులన్నీ బ్రహ్మాండంగా ఉంటాయి. నీకివన్నీ తెలియనివి కావు. కాకపోతే మీ వార్డులో దీన్ని కడుపులో 'గాలి' అనేవాళ్ళు.

నాకూ అదే. కంగారుపడకు, నాది కొంచెమే.

మేమంతా ఒకళ్ళనొకళ్ళం ఎలా కనుక్కున్నామో చెప్తే నవ్వుతావు. ఆసుపత్రిలో బయట కూర్చునే హాల్లో నలభై కుర్చీలుంటాయి. ఒక సోమవారం పొద్దున సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ముగ్గురం మాత్రం గోడకి ఆనుకుని నిలబడ్డాం. కూర్చుంటే పొట్ట మడతపడి లాగుతుంది, నిలబడితేనే నయం. అటెండరు వచ్చి 'కుర్చీలున్నాయి కదండీ' అన్నాడు. ముగ్గురం ఒకేసారి 'పర్లేదండి' అన్నాం. అప్పుడు ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. ఒకాయన బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్ళు కూర్చుని బతికినవాడు, హెర్నియా ఆపరేషనయ్యాక కూర్చోలేక డిపోలో టికెట్ల కిటికీ దగ్గర నిలబడే పని తీసుకున్నాడు. రెండో ఆవిడకి బేకరీ ఉంది, రెండు కాన్పులూ ఆపరేషన్లే. పిండి పిసకడానికి వంగితే చాలు, కళ్ళల్లో నీళ్ళొస్తాయట. చూసినవాళ్ళు ఉల్లిపాయల బన్ను చేస్తోందనుకునేవాళ్ళు.

లెక్కల మాస్టారు తర్వాత దొరికారు. ఆయనకి పిత్తాశయం తీశారు. రిటైరయ్యాక ఖాళీ అనుకున్నారు గానీ, నొప్పి ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, ఏం తిన్నాక వచ్చింది అని మూడేళ్ళుగా గళ్ళ కాగితం మీద గీతలు గీస్తున్నారు. ఆ కట్ట తీసుకెళ్ళి డాక్టరుకిస్తే, ఆయన తిరగేసి చూసి 'మీకు తీరికెక్కువైనట్టుంది' అని నిద్రమాత్ర రాశాడట. ఆ రోజునుంచి మాస్టారు సంఘానికి కార్యదర్శి.

అలా పదకొండుమందిమయ్యాం. బేకరీ వెనకగదిలో కలుస్తాం. నువ్వొకసారి చూడాలమ్మా ఆ మీటింగు. ఇద్దరు నిలబడి ఉంటారు, ఒకావిడ పిండిబస్తాల మీద వెల్లకిలా పడుకుని మాట్లాడుతుంది, డ్రైవరుగారు మోకాళ్ళ మీద ఉంటారు, మాస్టారు బల్లకి ఏటవాలుగా ఆనుకుని ఏ కోణంలో నొప్పి తగ్గుతుందో అందరికీ చెప్తుంటారు. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి మామూలుగా కుర్చీలో కూర్చుంటే, వీళ్ళది మన జబ్బేనా అని అందరికీ అనుమానం.

మేం అడిగేవి పెద్ద కోరికలేం కావు. వారానికొక్కరోజు ఈ నొప్పి గురించి తెలిసిన డాక్టరొకరు, కసరత్తు చేయించేవాళ్ళొకరు కూర్చోవాలి. స్కాను బాగుంది కనక నీకేం లేదు, అంతా మనసులోనే ఉందని వెంటనే రాసెయ్యకూడదు. విడదీయడానికని మళ్ళీ కోస్తే మళ్ళీ అతుక్కునే ప్రమాదం ఉంది కాబట్టి ఆ సంగతి కొయ్యకముందే చెప్పాలి. ఇంతే. ఇంతమాత్రానికి తొమ్మిది నెలలు తిరిగాం. అర్జీ ఒక కిటికీలో ఇస్తే ఇంకో కిటికీకి పొమ్మన్నారు, ఆ కిటికీవాళ్ళు మొదటి కిటికీకి పొమ్మన్నారు. బోర్డు పట్టుకుని పేపర్లో పడ్డాకగానీ పెద్దడాక్టరుగారు మమ్మల్ని పిలవలేదు. ఆసుపత్రి మొత్తానికి ఆయనే పెద్ద. గురువారం పదకొండింటికి, పావుగంట టైమిచ్చారు.

మూడువారాలు రిహార్సల్ చేశాం. మనిషికి ఒక్క నిమిషం. మాస్టారు గడియారం పట్టుకుని నిలబడేవారు. డ్రైవరుగారు మొదలుపెడితే డిపోనుంచి బయల్దేరి ప్రతి స్టాపు దగ్గరా ఆగేవారు, కడుపునొప్పి దగ్గరికొచ్చేసరికి నిమిషం అయిపోయేది. బేకరీ ఆవిడ రెండో మాటకే ఏడ్చేది. నాకు మిషను చప్పుడులో మాట్లాడే అలవాటు, గొంతు పెద్దది, కాబట్టి ముందు నేను మాట్లాడాలని తీర్మానం. ఆ రోజు అందరం మంచి బట్టలు వేసుకున్నాం. నేను స్వయంగా తొమ్మిదిమంది బట్టలకి నడుము దగ్గర వదులు చేసి ఇస్త్రీ చేశాను. బేకరీ ఆవిడ పౌడరు రాసుకుంది. పెళ్ళివారిలా వెళ్ళాం. అక్కడే మొదటి తప్పు చేశామని తర్వాత తెలిసింది.

మీటింగు హాల్లో సోఫాలు. మెత్తగా, లోతుగా, కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేలాంటివి. పెద్దవాళ్ళ ముందు నిలబడితే బాగుండదని పదకొండుమందిమీ పళ్ళు బిగించి కూర్చున్నాం. ఒక మూల మీటింగులో ఎవరేమన్నారో రాసే గుమాస్తా కంప్యూటరు ముందున్నాడు. పెద్దడాక్టరుగారు లోపలికొచ్చారు. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, వెనక ఇద్దరు కుర్రడాక్టర్లు, ఒక సిస్టరు. వస్తూ వస్తూ కళ్ళజోడు పైనుంచి మావైపు చూసి, మంచిగానే, నవ్వుతూనే, 'ఆఁ, ఎలా ఉన్నారండీ అందరూ' అన్నారు.

'బాగున్నామండి' అన్నాం.

పదకొండుమందిమీ. ఒక్క గొంతుతో. మూడువారాలు రిహార్సల్ చేసినది ఒక్కటీ అంత కలిసికట్టుగా రాలేదు. ఆయన 'చాలా సంతోషం' అన్నారు. గుమాస్తా టకటకా కొట్టుకున్నాడు. ఇంతలో ఆయన జేబులో ఫోను మోగింది, ఏదో అర్జెంటు కేసు. 'క్షమించాలి, మళ్ళీ కలుద్దాం' అని ఎలా వచ్చారో అలాగే వెళ్ళిపోయారు. మాకు టీ, బిస్కెట్లు ఇచ్చారు. ఆ సోఫాల్లోంచి ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని లేవడానికే పావుగంట పట్టింది.

పదిరోజులకి కాగితం వచ్చింది. 'సమావేశంలో పాల్గొన్న రోగులు తాము బాగున్నామని ఏకగ్రీవంగా తెలియజేసినందున, ప్రత్యేక విభాగం అవసరం ప్రస్తుతానికి కనపడటం లేదు.' డ్రైవరుగారు అది మూడుసార్లు చదివి 'ఏకగ్రీవంగా అని కూడా రాశాడే' అన్నారు. మాస్టారూ నేనూ ఆ గుమాస్తా దగ్గరికి పోట్లాటకి వెళ్ళాం.

'మీరలా అన్నారా లేదా' అన్నాడు.

'అన్నామండి' అన్నాను.

'మరి నేను అబద్ధం రాశానా?'

'లేదండి. మేమే చెప్పాం.'

'పదకొండుమంది అబద్ధం చెప్తుంటే నాకెలా తెలుస్తుందమ్మా?' అన్నాడు. అడిగిన తీరులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అప్పుడతనే రూలు చెప్పాడు, రాసినదాంట్లో తప్పుంటే పదిహేనురోజుల్లో కారణం చూపించి అభ్యంతరం పెట్టుకోవచ్చట. మాస్టారు పదకొండు పేజీల అభ్యంతరం తయారుచేశారు, గ్రాఫులతో సహా. బేకరీలో అందరం కూర్చుని, అంటే నిలబడి, దాన్ని కొట్టేస్తూ కొట్టేస్తూ పోతే చివరికి ఒక్క ముక్క మిగిలింది. 'మేం బాగున్నామని చెప్పింది అలవాటుకొద్దీ. నిజానికి బాగాలేము.' కింద పదకొండు సంతకాలు.

పెద్దడాక్టరుగారు చెడ్డవారు కాదమ్మా. అది చదివి మమ్మల్ని పిలిపించారు. ఈసారి నిలబడే మాట్లాడాం. 'ఒకరోజు బాగున్నామంటారు, ఇంకోరోజు బాగాలేమంటారు, నేను పై కమిటీకి ఏం చెప్పను?' అన్నారు. 'మీతో ఉండేవాళ్ళని, మిమ్మల్ని చూసేవాళ్ళని మనిషికొకర్ని తీసుకురండి. మీరెలా ఉన్నారో వాళ్ళు చెప్తే కమిటీ వింటుంది.' వచ్చేనెల రెండో గురువారం టైమిచ్చారు. మేం సంతోషంగా బయటికొచ్చి, మెట్లు దిగి, గేటు దగ్గరికొచ్చాక ఆగిపోయాం. ఎందుకంటే మాలో ఒక్కరి ఇంట్లోనూ పూర్తిగా తెలిసినవాళ్ళు లేరు. ఇన్నేళ్ళూ దాచడంలో అందరం ఫస్టుక్లాసులో పాసయ్యాం.

అందుకని ఒక తీర్మానం చేశాం. ఈ నెలాఖరులోపు మనిషికొకరికి, కొంచెం అనీ, పర్లేదనీ అనకుండా, ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలి. డ్రైవరుగారు వాళ్ళావిడకి చెప్పారు. ఆవిడ 'నాలుగేళ్ళుగా పళ్ళెంలో సగం వదిలేస్తుంటే నా వంట పాడైపోయిందనుకున్నాను కదండీ' అందట. మాస్టారు భార్యకి గ్రాఫు చూపించి వివరిస్తే, ఆవిడ అంతా విని 'ఈ ఎత్తుగా ఉన్నవన్నీ నేను మా పుట్టింటికెళ్ళినరోజులే, మీరు కోపంతో రాలేదనుకున్నా' అందట. బేకరీ ఆవిడ అత్తగారికి చెప్తే, ఆ ముసలావిడ చుట్టూ చూసి, చిన్నగొంతుతో 'నాకూ పాతికేళ్ళుగా అంతేనే' అంది. ఇప్పుడు మేం పన్నెండుమందిమి.

ఇక నా వంతు. మీ అల్లుడికి కొత్తగా చెప్పేదేం లేదు, అందరిళ్ళల్లోకీ చెప్పకుండానే కనిపెట్టింది ఆయనొక్కరే. నేనెప్పుడూ చెప్పలేదు, ఆయనెప్పుడూ అడగలేదు. మిషను చప్పుడు మధ్యలో ఆగితే చాలు, లేచి వెళ్ళి వేడినీళ్ళ సంచి నింపుకొచ్చి నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోతారు. కానీ ఆయన్ని కమిటీ ముందు నిలబెట్టి 'మీ ఆవిడకి నొప్పి ఉందా' అని అడిగితే 'ఆఁ' అంటారు. దాన్ని ఆ గుమాస్తా ఎలా రాసుకుంటాడు?

కాబట్టి నీకు చెప్తున్నాను అమ్మా. చెప్పడానికి భయంగానే ఉంది.

పైన నాది కొంచెమే అని రాశాను. కొట్టెయ్యకుండా అలాగే ఉంచాను, ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో నువ్వు చూడాలని. నాది కొంచెం కాదు. వారంలో నాలుగురోజులు మిషను దగ్గర గంటకి మించి కూర్చోలేను. కోటు చేతులు నిలబడి చేత్తో కుడుతున్నాను. రెండుసార్లు పేగు ముడిపడిందేమోనని ఆసుపత్రిలో పడుకోబెట్టారు, ఆ రెండుసార్లూ నీకు షాపులో పని ఎక్కువని రాశాను. నీ కంటి ఆపరేషనప్పుడు స్కూలు యూనిఫారాలు మీదపడ్డాయని రాశాను కదా. యూనిఫారాలేం లేవు. నేను బయల్దేరాను. నీకోసం ఆ మెరూన్ శాలువా కొని సంచిలో పెట్టుకున్నాను. బస్సు మూడో స్టాపు దాటేసరికి కడుపు మెలిపెట్టేసింది, దిగిపోయాను. ఆ స్టాపులో నేలమీద పడుకుంటే జనం తాగివచ్చాననుకున్నారు. మీ అల్లుడొచ్చి ఇంటికి తీసుకెళ్ళారు. నీకు కన్ను కోసిన రోజున నీ పక్కన లేనందుకు నేను ఎంత ఏడ్చానో నీకు చెప్పలేదు. నీకు కోపం వచ్చినా పర్లేదు, నొప్పని తెలియకూడదనుకున్నాను. ఎందుకనుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తోంది.

ఇంకోటి కూడా ఉంది, ఇది సంఘంలో ఎవరికీ చెప్పలేదు. ఆరోజు 'బాగున్నామండి' అని ముందు అన్నది నేనే. నేనన్నాకే మిగతావాళ్ళు అందుకున్నారు. నా చిన్నప్పుడు బడి వదలగానే మీ వార్డుకొచ్చి, మందుల బీరువా పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. రౌండ్సుకి ముందు నువ్వు మంచం మంచం దగ్గరికీ వెళ్ళి దుప్పటి లాగి సర్ది, జుట్టు దువ్వించి, 'డాక్టరుగారొచ్చి ఎలా ఉన్నావంటే మూలక్కూడదు, బాగున్నానండి అనాలి' అని చెప్పేదానివి. అందరూ అలాగే అనేవాళ్ళు. డాక్టరుగారు సంతోషించేవారు, నువ్వు సంతోషించేదానివి. ఆ తెల్లకోటూ, వెనక సిస్టరూ లోపలికొచ్చేసరికి నేను ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. నిన్ను తప్పుపట్టడానికి రాయలేదమ్మా. వాళ్ళకి ధైర్యంగా ఉండాలనే నువ్వలా చెప్పావు. కానీ ఆ మంచాల మీద కొందరికైనా గాలి కాదేమో అని ఈ మధ్య అనిపిస్తోంది. నీకూ ఎప్పుడైనా అనిపించిందా?

ఆ గురువారం నువ్వొచ్చి నా తరఫున మాట్లాడాలని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ముప్ఫై రెండేళ్ళు సిస్టరుగా చేసినావిడ లేచి 'వీళ్ళకి బాగున్నామని చెప్పడం నేర్పింది మేమేనండి' అంటే ఏ కమిటీ అయినా వింటుంది. అయితే రాస్తూ రాస్తూ నీ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. రెండో పేజీలో ఒక లైను మీద ఇంకో లైను ఎక్కింది. మూడో పేజీలో సగం మాటలు కాగితం దాటి బల్ల మీదికి పోయినట్టున్నాయి. జీవితంలో ఒక్క ఛార్టులోనూ నీ లైను వంకరపోలేదు. మెరూన్ శాలువా నీకు నల్లగా కనపడింది. అదే ఉత్తరంలో నాలుగో లైనులో ఏం రాశావో చూసుకో. 'కన్ను బాగుంది' అని రాశావు.

నాకు నేర్పినదానివి, నువ్వు చెయ్యకుండా ఉంటావా?

కాబట్టి ఆదివారం నేనొస్తున్నాను. డ్రైవరుగారు ఆ రూటులో ఉన్న డ్రైవర్లందరికీ చెప్పేశారు, వెనకసీటు మొత్తం నాకే, పడుకుని రావచ్చు. రెండుచోట్ల దిగి పదినిమిషాలు నడిచి మళ్ళీ ఎక్కుతాను, బస్సు ఆగుతుందట. మీ అల్లుడూ వస్తున్నారు, వేడినీళ్ళ సంచి మోసేది ఆయనే. సోమవారం పొద్దున నీ కంటిడాక్టరు దగ్గరికి వెళ్దాం. ఆయన ఎలా ఉందని అడిగినప్పుడు నేను నీ పక్కనే ఉంటాను. కుర్చీ ఇచ్చినా కూర్చోను. నువ్వు బాగుందన్నావంటే అక్కడే నీ ఉత్తరం తీసి చూపిస్తాను. కన్ను సంగతి తేలాక, డాక్టరు సరేనంటే, గురువారానికి ఇద్దరం కలిసి వెనక్కొద్దాం. వెనకసీటు ఇద్దరికి చాలదు, తలొకవైపు కాళ్ళు పెట్టుకుందాం.

అక్షరాలు పెద్దగా రాసింది ఇది నీ అంతట నువ్వే చదువుకోగలగాలని. చదవలేకపోయావనుకో, అప్పుడు పిన్ని చదివి వినిపిస్తూ ఉంటుంది. పిన్నీ, అలాగైతే ఇక్కడ ఆగి, కిందిది మనసులో చదువుకో. నేను వస్తున్నానని తెలిస్తే అమ్మ ఆదివారం తెల్లారకుండానే ఎవరినో పరామర్శించాలని బయల్దేరుతుంది. చెప్పులు దాచిపెట్టు. ఆవిడ నీ బీపీ ఎక్కువుందంటే ఒప్పేసుకో, పోట్లాడకు. మీటరు మీద అంకెలు ఆవిడకి కనపడుతున్నాయో లేదో నాకు వచ్చాక చెప్పు.

అమ్మా, దీనికి జవాబు రాయాల్సిన పనిలేదు. నేను గుమ్మంలోకి రాగానే ఎలా ఉన్నావే అని అడుగు, చాలు. నేను నిజం చెప్తాను. తర్వాత నేనడుగుతాను, నువ్వూ చెప్పు.

ఇట్లు,
ఇవాళ పొద్దుటినుంచి కుడివైపు లాగుతున్నా నిలబడే ఈ ఉత్తరం రాసిన
నీ పెద్దకూతురు